‘సరే’ అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సమాఖ్య సహాయకురాలు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ‘డిజిటల్ లావాదేవీలు – మన విజయాలు’ అనే విషయం మీద మాట్లాడమన్నారు. మా ఊళ్లో ఎన్ని సంఘాల లెక్కలు ట్యాబ్‌లోకి ఎక్కాయో, ఎంతమంది సభ్యులు ఫోన్లో కిస్తీ కడుతున్నారో కాగితం మీద రాసుకున్నాను. ఆ అంకెలు నివేదికలో ఎలాగూ వస్తాయి. నాకిచ్చిన ఈ పావుగంటలో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. ఎవరూ ఏమీ అనుకోవద్దు.

ఇది మా సంఘంలో ఒక అక్క కథ. ఆమె పేరు చెప్పను. ఆమె ఇక్కడే, ఈ హాల్లోనే కూర్చుని ఉంది. ఈ విషయం సభలో చెప్పనా అని ఆమెని రెండు వేర్వేరు రోజుల్లో అడిగాను. రెండుసార్లూ చెప్పమంది. పేరు చెప్పనా అంటే రెండుసార్లూ వద్దంది. ఎలా అడిగాను, ఆమె ఎలా చెప్పింది అన్నదే ఈవాళ్టి నా ప్రసంగం.

అక్క మా సంఘం పెట్టిన రోజు నుంచీ సభ్యురాలు. తొమ్మిదేళ్లు రెండో లీడరుగా చేసింది. బడికి పోలేదు. సంఘంలో చేరాకే సంతకం నేర్చుకుంది. తీర్మానాల పుస్తకంలో ఆమె సంతకం మిగతా వాళ్ల కంటే పెద్దగా, గీత దాటి ఉంటుంది. బ్యాంకులో ఎవరైనా వేలిముద్రల డబ్బీ ముందుకి తోస్తే, “అది ఆయనకియ్యండి, నాకు పెన్నియ్యండి” అనేది. వడ్డీ లెక్క నోటితో చెప్పేది. నేను క్యాలిక్యులేటర్ తీసేలోపు ఆమె చెప్పేసేది.

రెండేళ్ల కిందట కార్తీక మాసంలో ఒకరోజు పొద్దున్నే పంపు దగ్గర బిందె ఎత్తబోయి పడిపోయింది. మూతి పక్కకి పోయింది. కుడి చెయ్యి, కుడి కాలు రాలేదు. మాట పడిపోయింది. పక్షవాతమన్నారు. ఎవరో పసరు వైద్యం అన్నారు, అక్కడికి తీసుకుపోయారు. పెద్దాసుపత్రికి వెళ్లేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. ఇది వేరే విషయమే అయినా, ఇంతమంది ఒక్కచోట ఉన్నాం కాబట్టి చెప్తున్నా. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతానికి ఆ గడ్డ కరిగించే ఇంజెక్షను ఉంది. అది మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అంతకు ముందు స్కానింగు కూడా తియ్యాలి. మూతి వంకర పోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. పసరు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అక్క ప్రాణంతో బయటపడింది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. కానీ ఆమె నోట మిగిలింది ఒక్కటే మాట. ‘సరే’. అన్నం తింటావా? సరే. నొప్పిగా ఉందా? సరే. నేనెవర్ని? సరే. కోపం వస్తే గట్టిగా “సరే సరే సరే” అనేది. పిల్లలు ఆమెని ‘సరే నాయనమ్మ’ అనడం మొదలుపెట్టారు. మేమూ సంఘంలో నవ్వుతూ ‘సరే అక్క’ అన్నాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

సంక్రాంతికి ఇంకో విచిత్రం జరిగింది. వాకిట్లో ఆడపిల్లలు గొబ్బి పాట పాడుతుంటే అరుగు మీద కూర్చున్న అక్క వాళ్లతో కలిసి రెండు చరణాలు మాటలతో సహా పాడింది. మేమంతా నోరు తెరిచాం. ఊళ్లో కొందరు, “పాట వచ్చినామెకి మాట రాదా? పని తప్పించుకోడానికి నాటకాలు” అన్నారు.

ఆ తర్వాత వేసవిలో సంఘానికి బ్యాంకు లింకేజీ అప్పు వచ్చింది. అక్క వాటా 80,000. తీసుకుంటుందో లేదో తెలుసుకోవాలి. వాళ్లబ్బాయి, “అమ్మ తీసుకుంటానంది” అన్నాడు. నేను ట్యాబ్ తీసుకుని ఇంటికి వెళ్లాను. “అక్కా, అప్పు తీసుకుంటావా?” అన్నాను. “సరే” అంది. కెమెరా వైపు చూసి కళ్లు ఆర్పమన్నాను, ఆర్పింది. ఓటీపీ ఆమె ఫోన్‌కి వచ్చింది. ఆ ఫోన్ వాళ్లబ్బాయి జేబులో ఉంది. అతను చదివాడు, నేను కొట్టాను. ‘సభ్యురాలి అంగీకారంతో’ అని తీర్మానంలో రాశాను. సంతకం ఉండాల్సిన చోట ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయించాను. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ నెల మా గ్రామ సమాఖ్యలో నూటికి నూరు శాతం ఎంట్రీ పూర్తయిందని నన్ను మెచ్చుకున్నారు కూడా.

డబ్బు అక్క ఖాతాలో పడిన రోజే ఫోన్లో నుంచి వాళ్లబ్బాయి ఖాతాకి వెళ్లిపోయింది. పిన్ నంబరు అతనికి తెలుసు. ఆ మాటకొస్తే నాకూ తెలుసు.

మూడు నెలల తర్వాత అక్క పేరు మీద కిస్తీ ఆగింది. పుస్తకం తీసుకుని వెళ్లాను. ఆమె పేరున్న పేజీ తీసి 80,000 చూపించాను. అక్క ఆ పేజీని ఎడమచేత్తో కొట్టింది. “సరే! సరే! సరే!” అంటూ కొడుతూనే ఉంది. కళ్లలో నీళ్లు. నేనేమనుకున్నానో తెలుసా? కట్టేస్తానంటోంది అనుకున్నాను. “పర్లేదులే అక్కా, వచ్చే నెల రెండూ కలిపి కట్టు” అన్నాను. పక్కనే హోంవర్కు రాసుకుంటున్న మనవరాలు తలెత్తి, “పిన్నీ, నాయనమ్మ కాదంటోంది. దానికి కాదన్నా సరే అనే వస్తది” అంది.

ఏడో తరగతి పిల్లకి తెలిసింది పన్నెండేళ్ల నుంచి వీఓఏగా చేస్తున్న నాకు తెలియలేదు.

వాళ్లబ్బాయిని ఇక్కడ దోషిగా నిలబెట్టడానికి నేను రాలేదు. తామర పురుగు పడి మిర్చి పోయింది. పురుగుమందుల కొట్లో బాకీ, కౌలు బాకీ, అప్పులోళ్లు ఇంటి మీదకొచ్చారు. అతను ఆ డబ్బు తాగలేదు, తగలెయ్యలేదు. అక్కని సరిగ్గా అడిగితే ఆమె ఇచ్చేదేమో కూడా. నా బాధ అది కాదు. ఆమెని ఎవరూ అడగలేదు. అడిగామని మాత్రం నేను రాశాను.

ఆ మరుసటి నెలలో అక్కని, మనవరాలిని వెంటబెట్టుకుని మాట నేర్పే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. స్పీచ్ థెరపిస్టు అంటారు. ఆమె చెప్పిన సంగతులు నాకు అర్థమైనంత వరకు మీకు చెప్తాను.

దీన్ని అఫేజియా అంటారు. మనలో చాలామందికి మాటని నడిపేది మెదడులో ఎడమ భాగం. శరీరంలో కుడివైపుని నడిపేది కూడా ఆ ఎడమ భాగమే. అందుకే చాలామందికి కుడి చెయ్యి, కుడి కాలు, మాట కలిసి దెబ్బతింటాయి. గొంతులో లోపం ఉండదు. తెలివి పోదు. మనుషులు తెలుస్తారు, మంచీ చెడూ తెలుస్తుంది, ఎవరు తనని లెక్కచెయ్యట్లేదో బాగా తెలుస్తుంది. మనసులో ఉన్నదానికి సరిపడే మాట దొరకదు. కొందరికి ఒక్క మాటే మిగిలి, నోరు తెరిస్తే అదే వస్తుంది. అలవాటుగా కంఠతా వచ్చినవి, అంటే పాటలు, ఒకటి రెండు మూళ్లు, దేవుడి పేర్లు, తిట్లు కొందరిలో నిలిచిపోతాయి. గొబ్బి పాట రావడం నాటకం కాదని ఆరోజు తెలిసింది.

ఆ డాక్టరమ్మ ఇంకో సంగతి చెప్పింది. 1861లో ఫ్రాన్సు దేశంలో పాల్ బ్రోకా అనే డాక్టరు ఇలాంటి రోగిని చూశాడు. అతను ఇరవై ఏళ్లకు పైగా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఏమడిగినా ‘టాన్, టాన్’ అనే అనేవాడు. అతను చనిపోయాక మెదడు పరీక్ష చేసి, ఎడమ భాగంలో ముందువైపు దెబ్బతిన్నదని బ్రోకా చూపించాడు. మాటకి, మెదడులో ఆ చోటుకి ఉన్న సంబంధం లోకానికి అలా తెలిసింది. ఆ రోగి అసలు పేరు లెబోర్న్. కానీ ఆసుపత్రిలో అందరూ టాన్ అనే పిలిచారు. అది వినగానే మేము అక్కకి పెట్టిన పేరు గుర్తొచ్చి తల దించుకున్నాను.

ఇప్పుడు ఫోన్ సంగతికి వస్తాను. మనం ఫోన్ నేర్పేటప్పుడు ఏమంటాం? “చదువు రాకపోతే మైకు నొక్కి మాట్లాడు, అదే రాసుకుంటుంది” అంటాం. చెవులు వినిపించని వాళ్లకి, “మెసేజ్ చదువుకో” అంటాం. గొంతు ఆపరేషన్ అయి మాట పోయిన తాత ఒకాయన మా ఊళ్లో ఉన్నాడు. ఆయనకి చదువొచ్చు, చకచకా మెసేజ్ కొడతాడు. ఆయనకి అక్షరం దారి చూపించింది. అక్కకి ఆ రెండు దారులూ మూసుకుపోయాయి. మాట రాదు కాబట్టి మైకు పనికిరాదు. ఆమెకి మాటతో పాటు అంతో ఇంతో నేర్చుకున్న అక్షరాలూ, అంకెలూ కూడా కలిసిపోయాయి. ఆరు చూసి తొమ్మిది నొక్కుతుంది. అది తప్పని ఆమెకే తెలుస్తుంది, చెరిపేస్తుంది, మళ్లీ నొక్కుతుంది. ఈలోపు ఓటీపీ గడువు అయిపోతుంది.

బ్యాంకు నంబరుకి ఫోన్ చేస్తే, “తెలుగు కోసం ఒకటి నొక్కండి, ఖాతా నిల్వ కోసం రెండు నొక్కండి” అని గొంతు గబగబా చెప్పుకుపోతుంది. ఆ మాట అక్కకి ఎక్కేసరికి అది నాలుగో నంబరు దగ్గర ఉంటుంది. పోనీ, మోసం జరిగితే 1930కి ఫోన్ చెయ్యమని మనమే గోడల మీద రాయించాం. ఫోన్ ఎత్తిన వాళ్లకి ఆమె ఏం చెప్తుంది? ‘సరే’ అని చెప్తుంది.

ఫోన్లో ఏ పని చెయ్యాలన్నా మాట, అక్షరం, అంకె, వేగం కావాలి. ఈ నాలుగూ తగ్గినవాళ్ల ఫోన్ నెమ్మదిగా ఇంట్లో ఇంకొకరి జేబులోకి పోతుంది. ఫోన్‌తో పాటు పింఛను, పొదుపు, గ్యాసు, రేషను, సంఘంలో ఓటు అన్నీ అటే పోతాయి. ఎవరూ లాక్కోరు. సాయం అనుకునే తీసుకుంటారు. నేనూ సాయం అనుకునే చేశాను.

అక్కతో ఏ పద్ధతులు పనిచేశాయో చెప్తాను. ఇవన్నీ ఖర్చు లేనివి.

మొదటిది, అడిగే తీరు. రెండు అట్టముక్కలు చేశాం. ఒకదాని మీద పచ్చరంగు టిక్కు, ఇంకోదాని మీద ఎర్రరంగు ఇంటూ. ఒక్కసారికి ఒక్క ప్రశ్నే, చిన్నది. అడిగాక మనసులో పది లెక్కపెట్టుకుంటాం. మధ్యలో నోరు పెట్టం. ఆమె అట్ట చూపించాక అదే ప్రశ్న తిరగేసి అడుగుతాం. “అప్పు కావాలా?” అన్నాక, “అప్పు వద్దా?” అని. రెండింటికీ టిక్కే చూపిస్తే, అర్థం కాలేదన్నమాట. ఆరోజుకి ఆపేస్తాం. డబ్బు సంగతైతే ఇంకోరోజు మళ్లీ అడుగుతాం. నోటితో వచ్చిన ‘సరే’ని లెక్కలోకి తీసుకోం.

రెండోది, ఫోన్. ముందు ఫోన్ ఆమె చేతికి వచ్చింది. తెర మీద ఉన్న చిల్లరంతా తీసేసి ఐదే ఐదు గుర్తులు ఉంచాం. పేర్లకి బదులు మనుషుల ఫొటోలు పెట్టాం, ఫొటో మీద నొక్కితే వాళ్లకి వీడియో కాల్ పోతుంది. వీడియోలో ఆమె చెయ్యి, మొహం కనపడతాయి కాబట్టి సగం సంగతి అలాగే అర్థమవుతుంది. మందుల అట్ట, పాల ప్యాకెట్టు, గ్యాసు బండ, ఆటో, డాక్టరమ్మ, మా సంఘం మీటింగు, ఇలా నలభై ఫొటోలు తీసి ఫోన్లోనే ఒకచోట పెట్టాం. ఆమెకి ఏది కావాలంటే ఆ ఫొటో వాట్సాప్‌లో పంపుతుంది. మొదటిసారి నాకు ఖాళీ మందుల అట్ట ఫొటో వచ్చిన రోజు నేను గట్టు మీద కూర్చుండిపోయాను. మీటింగు కబురు కూడా ఇప్పుడు రాసి పంపను. మాట్లాడి వాయిస్ పంపుతాను, చిన్నచిన్న మాటలతో. ఆమె ఐదారు సార్లు పెట్టుకుని వింటుంది. ఎదురుగా ఉన్న మనిషిని ఆరుసార్లు చెప్పమంటే విసుక్కుంటాడు. ఫోన్ విసుక్కోదు. బొమ్మలు నొక్కితే మాట పలికే ఆప్‌లు కూడా ఉన్నాయి. ముంబై ఐఐటీ వాళ్లు తయారుచేసిన జెలో అలాంటిదే, దానికి డబ్బు కట్టక్కర్లేదు. అక్కకి మాత్రం ఆప్‌లో బొమ్మల కంటే తన ఇంటి సామాను ఫొటోలే బాగా పనికొచ్చాయి.

మూడోది, డబ్బు. పిన్ గుర్తుండదు, గుర్తున్నా వేలు తప్పుతుంది. అందుకని యూపీఐ లైట్ పెట్టాం. అందులో ఒక్కో చెల్లింపు 1,000 రూపాయల దాకా పిన్ లేకుండా పోతుంది. మొత్తం నిల్వ 5,000 దాటదు. మేము 500 మాత్రమే వేసి ఉంచుతాం. పాలవాడికి, కూరగాయల బండికి ఆమే స్కాన్ చేసి కడుతుంది. ఫోన్ పోతే ఆ 500 కూడా పోవచ్చని తెలిసే పెట్టుకున్నాం. పెద్ద ఖర్చులకి పిన్ ఇంకొకరికి చెప్పకుండా యూపీఐ సర్కిల్ అనే ఏర్పాటు ఉంది. ఆమె ఖాతా నుంచి ఆమె నమ్మినవాళ్లు కట్టొచ్చు. ప్రతి చెల్లింపూ ఆమె అనుమతితోనే జరిగేలా పెట్టుకోవచ్చు, లేదా నెలకి 15,000 మించకుండా హద్దు పెట్టి వదలొచ్చు. మీరు వాడే ఆప్‌లో ఈ రెండూ ఉన్నాయేమో చూసుకోండి.

బ్యాంకు మేనేజరు గారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఒక మాట. పక్షవాతం వచ్చాక ఒక బ్యాంకులో అక్క సంతకం కలవట్లేదని రెండుసార్లు తిప్పి పంపారు. ఆ బ్యాంకు పేరు ఇక్కడ అనవసరం. జబ్బు వల్లో వయసు వల్లో సంతకం పెట్టలేని ఖాతాదారు వేలిముద్ర వెయ్యొచ్చనీ, అదీ కుదరకపోతే కాలివేలి ముద్ర అయినా వెయ్యొచ్చనీ, ఇద్దరు సాక్షులు గుర్తిస్తే చాలనీ, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలనీ రిజర్వు బ్యాంకు సూచనలు ఉన్నాయి. ఈ సంగతి కౌంటరు దగ్గర కూర్చునే వాళ్లందరికీ తెలిసేలా చెయ్యండి సార్.

చట్టం సంగతి కూడా రెండు ముక్కలు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాలే ఉండేవి, అందులో ఇది లేదు. 2016 చట్టంలో 21 రకాలు ఉన్నాయి. మాట, భాష లోపం అందులో ఒకటి. అఫేజియా పేరు ఆ చట్టంలోనే రాసి ఉంది. మన సదరం క్యాంపుకి అక్కని తీసుకెళ్తే చెయ్యి, కాలు చూసి శాతం వేశారు. మాట సంగతి మేము అడగలేదు, వాళ్లూ చూడలేదు. మాట కూడా పరీక్షించమని అడగాలని అప్పుడు మాకు తెలియదు. 40 శాతం దగ్గర చాలా హక్కులు మొదలవుతాయి కాబట్టి, మీ ఊళ్లో ఇలాంటి వాళ్లుంటే మాట కూడా చూడమని అడగండి.

అదే చట్టంలో 13వ సెక్షన్ ఉంది. వికలాంగులకి తమ డబ్బు వ్యవహారాలు తామే చూసుకునే హక్కు, బ్యాంకు అప్పు పొందే హక్కు అందరితో సమానంగా ఉన్నాయని చెప్తుంది. ఇంకో మాట కూడా ఉంది, అది నన్ను పట్టి ఆపింది. ఒక డబ్బు వ్యవహారంలో, సాయం చేసే మనిషికీ ఆ వికలాంగురాలికీ లాభనష్టాలు ఎదురెదురుగా ఉంటే, సాయం చేసే మనిషి ఆ వ్యవహారం నుంచి తప్పుకోవాలి. అప్పు కావలసిన కొడుకే అమ్మ మాటని మనకి విడమరిచి చెప్పకూడదని అర్థం.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడిలో మొహం కాలి, కెమెరా ముందు కళ్లు ఆర్పలేకపోయిన ఆడవాళ్లు, చూపు లేని ఒకాయన వేసిన కేసులు అవి. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని, ఈ-కేవైసీ అందరికీ వీలయ్యేలా మార్చాలని కోర్టు చెప్పింది. ఆ కేసు మాట పోయినవాళ్ల గురించి కాదు. కానీ కళ్లు ఆర్పలేని మనిషికి వేరే దారి చూపించాలంటే, ఓటీపీ చెప్పలేని మనిషికి కూడా చూపించాలి కదా.

అక్క అప్పు ఏమైందని మీరు అడుగుతారు. సంఘంలో మళ్లీ తీర్మానం రాశాం. మొదటి తీర్మానం సభ్యురాలిని సరిగ్గా అడగకుండా రాశామని, అది నా తప్పని నా చేత్తోనే రాశాను. ఆ డబ్బు తను వాడుకున్నానని, కిస్తీలు తనే కడతానని వాళ్లబ్బాయి సంతకం పెట్టాడు. ఇప్పటికి సగం తీరింది. మధ్యలో రెండు కిస్తీలు ఆలస్యమయ్యాయి. బ్యాంకు పుస్తకాల్లో అప్పు ఇంకా అక్క పేరు మీదే ఉంది. దాన్ని నేను మార్చలేకపోయాను. కొడుకుతో అక్క నెలరోజులు మొహం చూపించకుండా ఉంది. ఆ తర్వాత వాళ్ల సంగతి వాళ్లు చూసుకున్నారు.

నా నోటు పుస్తకం చివరి పేజీలో పదకొండు మంది సభ్యుల పిన్ నంబర్లు ఉండేవి. వాళ్లు నమ్మి ఇచ్చినవే. ఆ పేజీ చించి కాల్చేశాను. పదకొండు మందినీ పిన్ మార్చుకోమన్నాను. తోటి వీఓఏలూ, మీ పుస్తకాల్లోనూ అలాంటి పేజీ ఉంటుందని నాకు తెలుసు. ఇంటికి వెళ్లగానే ఆ పని చెయ్యండి.

ఈ మహాసభ ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి. ప్రతి గ్రామ సమాఖ్య తన ఊళ్లో మాటకి ఇబ్బంది ఉన్న సభ్యులని, సభ్యుల ఇళ్లల్లో వాళ్లని వెతికి రాయాలి. పక్షవాతం వచ్చినవాళ్లు, గొంతు ఆపరేషన్ అయినవాళ్లు, మాట ఆలస్యమైన పిల్లలు అందరూ రావాలి. ఎవరికి ఏది వీలవుతుందో పక్కనే రాయాలి. ఒకరికి అక్షరం, ఒకరికి ఫొటో, ఒకరికి సైగ. అందరికీ ఒకే మందు పనిచెయ్యదు.

రెండు. అలాంటి సభ్యుల విషయంలో ఓటీపీ రావడమే అంగీకారం అని రాయకూడదు. రెండు అట్టలు, తిరగేసి అడిగిన ప్రశ్న, రెండో రోజు మళ్లీ అడగడం, డబ్బుతో సంబంధం లేని ఇద్దరు సభ్యుల సాక్ష్యం ఉంటేనే తీర్మానం రాయాలి. ఎంట్రీ ఒకరోజు ఆలస్యమైనా వీఓఏని తప్పు పట్టకూడదు. ఏపీఎం గారూ, ఈ చివరి మాట మీకోసం.

మూడు. ఫోన్ శిక్షణలో వీళ్లకి విడిగా, నెమ్మదిగా ఒక తరగతి పెట్టాలి. ఇంట్లో ఒకరిని తోడు తెచ్చుకోవాలి, కానీ ఫోన్ మాత్రం సభ్యురాలి చేతిలోనే ఉండాలి.

వేలిముద్ర నుంచి సంతకానికి రావడానికి మన అమ్మలకి ఎన్నేళ్లు పట్టిందో ఈ హాల్లో అందరికీ తెలుసు. ఆ సంతకం ఇప్పుడు ఫోన్లోకి వెళ్లింది. అక్కడ కూడా అది మన చేత్తోనే పడాలి.

అధ్యక్షురాలు గారూ, ఈ మూడింటి మీద చేతులెత్తమని అడిగే ముందు ఒక విన్నపం. అడిగిన వెంటనే లెక్కపెట్టకండి. మనసులో పది దాకా లెక్కపెట్టి, అప్పుడు చూడండి. ఈ హాల్లో కొంతమందికి చెయ్యి లేవడానికి ఆ కాస్త టైం కావాలి.